క్యాలెండర్లో చతుర్దశి, ఇంట్లో దీపావళి

2024 దీపావళికి మా ఇంట్లో చిన్న గొడవే అయింది. గోడ మీద క్యాలెండర్లో అక్టోబర్ 31న పండగ అని ఉంది, అదే గడిలో కింద చిన్న అక్షరాలతో చతుర్దశి అని ఉంది. "అమావాస్య లేని దీపావళి ఏంట్రా, రేపు కదా" అని అమ్మ పట్టు.

అసలు తిథికి మన గడియారంతో పనిలేదు. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి అయిపోయినట్టు. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు జోరుగా, దూరమైతే నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి ఒక తిథి 20 గంటల్లోపే ముగియొచ్చు, ఇంకోటి 26 గంటల దాకా సాగొచ్చు, మొదలయ్యేది మిట్టమధ్యాహ్నం కావచ్చు, అర్ధరాత్రి కావచ్చు. మరి రోజుకి ఏదో ఒక తిథి పేరు రాయాలి కదా, అందుకని సూర్యోదయానికి ఏది ఉంటే అదే రాస్తారు. ఒక్క సూర్యోదయానికీ తగలకుండా మధ్యలోనే వచ్చి వెళ్లిపోయేది క్షయతిథి, రెండు సూర్యోదయాలకి ఉండేది వృద్ధి.

పండగలకి మాత్రం ఈ లెక్క చాలదు. ఉగాదికి సూర్యోదయం చూస్తారు గానీ, వినాయక చవితికి మధ్యాహ్నం, శివరాత్రికి అర్ధరాత్రి, తద్దినానికి అపరాహ్ణం, దీపావళికి పొద్దుగూకాక ప్రదోషవేళ తిథి ఉండాలి. ఆ ఏడాది అమావాస్య 31న సాయంత్రం నాలుగు కావస్తుండగా వచ్చి, 1న సూర్యాస్తమయం అయిన కాసేపటికే వెళ్లిపోయింది. దీపాలు పెట్టే వేళ నిండా ఉన్నది 31నే. ఇదంతా చెప్తే అమ్మ "ఆ ముక్క క్యాలెండర్లో రాసి చావొచ్చుగా" అంది.

రాహుకాలంతో ఇంకో తంటా. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని అందరికీ కంఠతా వచ్చు. కానీ అది సూర్యుడు సరిగ్గా ఆరింటికి వచ్చి ఆరింటికి పోయే రోజు లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారానికి రెండోది రాహుకాలం, అంతే. జనవరి మొదట్లో హైదరాబాద్‌లో సూర్యోదయమే ఆరూ ముప్పావుకి, పగలు కూడా చిన్నది, కాబట్టి అది ఎనిమిది దాటాకే మొదలవుతుంది. ఏడున్నరకి టెన్షన్ పడి ఆగిపోయి, ఎనిమిదిన్నరకి బయల్దేరాల్సొచ్చిన వాళ్ల సంగతి ఏం చెప్తాం!

డాలస్‌లో ఉన్న అక్క ఇక్కడి పంచాంగంలో టైములన్నీ గంటలు మార్చుకుని వాడేసేది. తిథి ముగింపు, నక్షత్రాన్ని బట్టి వచ్చే వర్జ్యం అయితే సరే, అవి ప్రపంచమంతటా ఒకే క్షణం. రాహుకాలం, దుర్ముహూర్తం మాత్రం అక్కడి సూర్యోదయంతోనే కట్టుకోవాలి. లేకపోతే ఇక్కడి సోమవారం పొద్దుటి రాహుకాలం అక్కడ ఆదివారం రాత్రి వచ్చి కూర్చుంటుంది, అక్కకి సరిగ్గా అలాగే వచ్చింది.