మా ఇంటి శైలి గడి నింపిన వైనం

న్యూజెర్సీలో నూరేళ్లు దాటిన చెక్క ఇల్లు కొన్న మొదటి చలికాలంలోనే, గాలి దూరుతున్న పాత కిటికీలను మార్చక తప్పదని తేలిపోయింది. ఇల్లు చారిత్రక వాడలో ఉండటం వల్ల వీధి వైపు ఏ మార్పు చేయాలన్నా ముందుగా పట్టణ పరిరక్షణ సంఘం అనుమతి తీసుకోవాలన్నారు. దరఖాస్తులో ఇంటి శైలి, కట్టిన కాలం అని రెండు గడులు ఉన్నాయి. ముందు వరండాకు నాలుగు తెల్లటి గుండ్రని స్తంభాలు ఉన్నాయి కదా అని, మరో ఆలోచన లేకుండా గ్రీక్ రివైవల్ (పాత గ్రీకు గుళ్లను అనుకరించే శైలి) అని రాసి పంపాను. ఆధారాలు జతచేయమంటూ దరఖాస్తు తిరిగి వచ్చింది. ఎలాంటి ఆధారాలో మాత్రం అందులో చెప్పలేదు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. 1820ల నుంచి 1860 దాకా నడిచిన గ్రీక్ రివైవల్‌లో చూరు కింద వెడల్పాటి పట్టీ ఉంటుంది, చాలా ఇళ్లకు గుడి ముఖంలాంటి త్రికోణం వీధి వైపు తిరిగి ఉంటుంది. మా ఇంటికి రెండూ లేవు. శని, ఆదివారాల్లో వీధులు తిరుగుతూ ఇళ్లు చూడగా, స్తంభాలనూ అలంకారాలనూ వదిలి ముందు కప్పును, తరువాత కిటికీలను చూడాలని అర్థమైంది. ఏటవాలుగా నిలువెత్తున లేచే మాన్సార్డ్ కప్పు కనిపిస్తే అది సెకండ్ ఎంపైర్. ఒక పక్క బురుజు, చేప పొలుసుల్లాంటి చెక్క పలకలు, ఎటు చూసినా సౌష్టవం లేని ముఖం ఉంటే క్వీన్ ఆన్. (ఆన్ అనే బ్రిటిష్ రాణి 1714లోనే పోయింది, ఈ ఇళ్లేమో 1880ల నుంచి వచ్చినవి, పేరు పెట్టినవారి లెక్క ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.) 1878 అగ్నిప్రమాదం తరువాత చాలావరకు తిరిగి కట్టుకున్న కేప్ మే పట్టణానికి వెళ్లి, ఫిజిక్ అనే కుటుంబం 1879 నాటి భవనం గోడలపై అడ్డంగా, నిలువుగా కొట్టిన చెక్క పట్టీలను చూశాక, స్టిక్ శైలి అంటే ఏమిటో పుస్తకం అవసరం లేకుండానే తెలిసింది.

మా ఇంటి కప్పు వాలు తక్కువ, చూరు బాగా ముందుకు వచ్చి ఉంటుంది, కిటికీలు సన్నగా పొడుగ్గా ఉంటాయి. నిచ్చెన వేసుకుని చూస్తే, చూరు కింద రంగు పొరల్లో జంటలు జంటలుగా మచ్చలు కనిపించాయి. అవి చూరు కింద ఆనించి, ఎప్పుడో పీకేసిన అలంకార చెక్క బ్రాకెట్ల ఆనవాళ్లు. ఇటలీ పల్లె భవనాలను అనుకరించే ఇటాలియనేట్ శైలి ఇళ్లకు అవే గుర్తు.

మరమ్మతుకు వచ్చిన వడ్రంగి మేకులు కూడా చూడమన్నాడు. అటకలో వాసాలకు కొట్టినవి రేకు నుంచి కత్తిరించిన, నలుచదరపు మొనగల మేకులు; వరండా నేల కింద ఉన్నవి తీగతో చేసిన గుండ్రటివి. తీగ మేకుల వాడకం 1890ల్లోనే బాగా పెరిగింది కాబట్టి, ఇల్లూ వరండా ఒకే కాలానివి కావని తేలింది. అగ్ని బీమా కోసం శాన్‌బోర్న్ కంపెనీ గీయించిన పటాలు దీన్ని బలపరిచాయి. చెక్క ఇళ్లకు పసుపు, ఇటుక ఇళ్లకు గులాబీ రంగు వేసే ఆ పటాల్లో, 1880ల నాటి దానిలో మా ఇంటి ముందు ఖాళీగా ఉంది. 1900ల నాటి దానిలో వరండా గీత ఉంది.

వెనుక గోడకు, స్టోర్ రూములో, ఒక పాత కిటికీ మిగిలి ఉంది. పై రెక్కలో రెండు అద్దాలు, కింది రెక్కలో రెండు, మధ్యలో ఒక్కటే నిలువు కమ్మీ. పెద్ద అద్దాలు ఖరీదైన రోజుల్లో ఒక్కో రెక్కకు ఆరేసి చిన్న అద్దాలు పెట్టేవారు. అద్దం పెద్దదయ్యే కొద్దీ కమ్మీలు తగ్గాయి. రెండేసి అద్దాల అమరిక 1870లకు సరిగ్గా సరిపోయింది.

రెండోసారి గడిలో ఇలా రాశాను: ఇల్లు ఇటాలియనేట్, 1870లు; వరండా కలోనియల్ రివైవల్, 1900 ప్రాంతం. (అమెరికా వలస పాలన నాటి ఇళ్లను అనుకరించిన శైలి అది; గుండ్రని స్తంభాలు దానిలోనూ ఉంటాయి.) గడి చాలక పక్క మార్జిన్‌లోకి పోయింది. ఈసారి అభ్యంతరం రాలేదు. వీధి వైపు రెండేసి అద్దాల చెక్క కిటికీలే పెట్టాలన్నారు, వరండాకు కూడా చారిత్రక విలువ వచ్చింది కాబట్టి స్తంభాలు కదపవద్దన్నారు. మొదట ప్లాస్టిక్ కిటికీలు పెడదామని వేసుకున్న ఖర్చు లెక్క దాదాపు రెట్టింపైంది. స్టోర్ రూము కిటికీని మాత్రం మార్చకుండా, కొత్తవి చేసే వడ్రంగికి నమూనాగా చూపించాను.