నాలుగు మిల్లీమీటర్ల మర

కార్బ్యురేటర్ కింది గిన్నెను బిగిస్తుండగా స్క్రూ చివరి చుట్టులో ఒక్కసారిగా తేలికైపోయింది. బయటికి తీసి చూస్తే దాని గాడుల్లో వెండి తీగలాంటి లోహపు చుట్ట చిక్కుకుని ఉంది: రంధ్రం లోపలి మరలే ఊడొచ్చాయి.

తప్పు నాదే. పెట్రోలు కారుతోందని వాషరు మార్చకుండా స్క్రూ మీద బలం చూపించాను.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరి లేత్ షాపు పెద్దాయన, "మెత్తటి లోహం ఎంతకని ఓర్చుకుంటాది, బాబూ?" అంటూ, మరలు పోయిన 4 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 4.2కు పెంచి, ప్రత్యేకమైన ట్యాపుతో కొత్త మరలు కోసి, అందులోకి సన్నని స్ప్రింగులా ఉండి, పాత కొలత స్క్రూకే మళ్లీ మరలుగా పనిచేసే స్టీలు హెలికాయిల్‌ను ఎక్కించారు. ట్యాపును అర చుట్టు ముందుకూ, పావు చుట్టు వెనక్కూ తిప్పుతూ ఆయన రజను రాలుస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకునే నిలుచున్నాను.

ఇంటికి వచ్చి కొత్త వాషరు వేసి, ఈసారి రెండు వేళ్ల బలంతోనే బిగించాను. చుక్క కారలేదు.