గుండెకు మాసిక

2024 కార్తీకమాసం. ముహూర్తాలు మొదలయ్యాయి. మిషన్ పక్కన కుట్టాల్సిన జాకెట్లు ముప్పైకి పైనే ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటప్పుడు ఒక పెళ్లికూతురి జాకెట్‌కి చేతులు అతుకుతుంటే వీపు మధ్యలో బరువుగా పట్టేసింది. కాసేపటికి దవడ లాగింది. చెమటకి చీర తడిసిపోయింది. రోజంతా వంగి కుట్టేదాన్ని, వీపు నొప్పి నాకు కొత్త కాదు. మా ఆయన ఈనో కలిపి ఇచ్చారు. తగ్గకపోతే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి నడిచే వెళ్లాం. ఆయన గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపించాడు. ఛాతీలో నొప్పి లేదు కదా అని నేనూ నమ్మాను.

తెల్లారేసరికి ఊపిరి ఆడటం లేదు. తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్లి, ఆసుపత్రిలో నన్ను బల్ల మీద పడుకోబెట్టేసరికి నొప్పి మొదలై పద్నాలుగు గంటలు. గుండె ముందు భాగానికి రక్తం అందించే పెద్ద నాళం పూర్తిగా మూసుకుపోయింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద స్టెంట్ వేశారు, ప్రాణం నిలబడింది. కానీ రక్తం ఆగిన అరగంట నుంచే గుండె కండ చచ్చిపోవడం మొదలవుతుందట. నాకు పోయింది అరగంట కాదు, ఒక రాత్రి.

మూడో రోజు ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తూ డాక్టరుగారు తెర నా వైపు తిప్పారు. "ఈఎఫ్ 28 ఉందమ్మా" అన్నారు. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి నూటికి ఎంత బయటికి నెడుతుందో చెప్పే లెక్క అది. 55 పైన ఉండాలి. తెర మీద మూడు వైపులా గోడ పిడికిలి బిగించినట్టు లోపలికి వస్తోంది. ముందు వైపు మాత్రం గంజి పెట్టి ఆరేసిన గుడ్డలా బిర్రుగా నిలబడిపోయింది. ఆ కాస్త చోటు కదలకపోవడం చూసినప్పుడు పుట్టిన భయం, నొప్పి వచ్చిన రాత్రి కూడా పుట్టలేదు.

"అది మళ్లీ కదులుతుందా సార్?"

"కొంత మొద్దుబారి ఉంటుంది, అది తేరుకుంటుంది. చచ్చిపోయిన కండ మాత్రం మచ్చ అవుతుందమ్మా."

చెయ్యి కోసుకుంటే చర్మం మళ్లీ వస్తుంది. గుండె కండ అలా రాదు. పాతికేళ్ల వయసులో కూడా ఏడాదికి నూటికి ఒక్క కణం కొత్తది పుడితే గొప్ప, వయసు పెరిగే కొద్దీ అదీ తగ్గిపోతుంది. పెద్ద గుండెపోటు ఒక్కసారికే వంద కోట్ల కణాలను తీసుకుపోగలదు. ఆ లెక్క విన్నాక చాలా రోజులు నిద్ర పట్టలేదు.

జనవరి చివర్లో జర్మనీలో చదువుకుంటున్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, ఇక్కడ గుండెకి అతుకు వేస్తున్నారు" అన్నాడు. గోటింగెన్‌లో జిమ్మర్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పని అప్పుడే నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిందట. నాకు అర్థమయ్యేదాకా మూడుసార్లు చెప్పించుకున్నాను. మామూలు కణాన్ని వెనక్కి నడిపించి, ఏ కణంగానైనా ఎదగగల మూలకణంగా మార్చే దారిని జపాన్‌లో యమనాకా 2006లో కనిపెట్టారు, దానికే 2012లో నోబెల్ వచ్చింది. గోటింగెన్ వాళ్లు అలాంటి మూలకణాల నుంచి గుండె కండ కణాలు, వాటిని పట్టి ఉంచే కణాలు పెంచి, కొలాజెన్ అనే ప్రోటీన్ జిగురులో కలిపి అచ్చులో పోస్తారు. కొన్నాళ్లకి ఆ ముక్క గిన్నెలోనే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. దాన్ని గుండె పైపొర మీద కుడతారు.

కుడతారు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మాసిక వేయడం నా పని. పాత గుడ్డ మీద కొత్త గుడ్డ వేయాలంటే ముందు దాన్ని తడిపి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుని చుట్టూ ఉన్న గుడ్డని లాగి చింపుతుంది. పడుగు పడుగుతో కలవాలి. గుండెలో కండ పోగులకి కూడా దిశ ఉంటుందట. అతుకు వేరే తాళంలో కొట్టుకుంటే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు. అంతకుముందు సూదితో కణాలు ఎక్కించి చూస్తే చాలావరకు నిలవలేదు, నిలిచినచోట లయ తప్పింది. అందుకే వాళ్లు ముందు కోతుల మీద చూశారు. ఆరు నెలల దాకా అతుకులు నిలిచాయి, గోడ మందం పెరిగింది, లయ తప్పలేదు, గడ్డలూ రాలేదు.

తర్వాత 46 ఏళ్ల ఒకావిడ. నాకంటే మూడేళ్లు చిన్న. ఆవిడ గుండెకి 40 కోట్ల కణాల అతుకు కుట్టారు. మూడు నెలలకి దాత గుండె దొరికింది, మార్పిడి చేశారు. తీసేసిన పాత గుండెని పరీక్షిస్తే అతుకు బతికే ఉంది, దానిలోకి రక్తనాళాలు కూడా పాకాయి. ఆవిడ ఎవరో నాకు తెలియదు. కానీ ఆ రాత్రి దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు ఆవిడ బాగుండాలని దణ్ణం పెట్టుకున్నాను.

ఈలోగా మా ఆయనకి ఎవరో ఒక క్లినిక్ సంగతి చెప్పారు. మీ కణాలే మీకు ఎక్కిస్తాం, గుండె కొత్తదైపోతుంది, నాలుగు లక్షలు. ఆయన నా గాజులు, నానుతాడు తాకట్టు పెట్టడానికి సిద్ధమైపోయారు. ఎందుకైనా మంచిదని మా డాక్టరుగారిని అడిగాం. ఆయన కుర్చీలోంచి ముందుకి వంగి చెప్పారు: "మన దేశంలో మూలకణాల వైద్యానికి ఒప్పుకున్నది ముఖ్యంగా రక్త సంబంధమైన జబ్బులకి. గుండెకి ఏం చేసినా అది పరిశోధన. పరిశోధనలో పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటేనే లేచి వచ్చేయండి." బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. గాజులు పోయేవని కాదు. నాలాంటి ఇంకెంతమంది ఇంటి దీపాలు ఆ గుమ్మం ముందు నిలబడి ఉన్నాయో అని.

గోటింగెన్ అతుకు సంగతి కూడా అడిగాను. పరాయి కణాలు కాబట్టి శరీరం తోసేయకుండా మందులు వాడాలి, ఇప్పటికి అది గుండె బాగా దెబ్బతిన్నవాళ్ల మీద చేస్తున్న ప్రయోగమేనని, మీకు మాత్రలు పనిచేస్తున్నాయని చెప్పారు. నాలుగు రకాల మాత్రలు. పొద్దున లేవగానే బరువు చూసుకోవాలి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, వెంటనే ఫోన్ చేయాలి. రోజుకి లీటరున్నర నీళ్లు. ఆవకాయ జాడీ మా తోటికోడలి ఇంటికి వెళ్లిపోయింది. నడక ఐదు నిమిషాలతో మొదలై నలభైకి వచ్చింది. మిషన్ తొక్కొద్దన్నారని మా ఆయన మోటారు బిగించారు. దాని వేగానికి చెయ్యి అలవాటు పడటానికి నెల పట్టింది.

ఏడాది తర్వాత ఎకోలో 41 వచ్చింది. ఈసారి తెర తిప్పమని నేనే అడిగాను. మచ్చ ఉన్న చోట ఉంది, నడుమ ఏమీ కదలలేదు. పై అంచు దగ్గర మాత్రం గోడ కొంచెంగా లోపలికి వచ్చి వెళ్లింది. "చూశారా" అన్నారు డాక్టరుగారు. ఇంకొకసారి చూపించమన్నాను.

ఇంటికొచ్చి మా వాడికి ఫోన్ చేశాను. అంచు కదిలిందని చెప్పాను. ఆ గోటింగెన్ వాళ్లు కొత్తగా ఏం చేసినా అదే రోజు నాకు చెప్పాలిరా అన్నాను. సరే పిన్నీ అన్నాడు. మిషన్ మీద ఎవరిదో పట్టు జాకెట్ సగం కుట్టి ఉంది, చేతులు అతకాలి.