దిగకూడని గొయ్యి

ఆదివారం. మధ్యాహ్నమంతా కేవ్ స్టోరీ. డైసుకే అమాయా ఐదేళ్లపాటు తీరిక వేళల్లో బొమ్మలు, పాటలు, కోడు అన్నీ ఒంటిచేత్తో చేసి, 2004 డిసెంబరులో ఉచితంగా వదిలిన విండోస్ ఆట. తెర 320×240 చుక్కలే. ఈ పూట పనంతా ఆటలోని లాబిరింత్ అనే చోట, ప్రొఫెసర్ బూస్టర్ అనే పాత్ర పడిపోయే గొయ్యి దగ్గరే తెమిలింది.

పడినవాణ్ణి చూస్తే ఎవరైనా దిగుతారు. దిగి పలకరిస్తే తను చేసిన ఎగిరే పరికరం, బూస్టర్ 0.8, చేతిలో పెట్టి ప్రాణం వదులుతాడు. గాల్లో ఎగరడానికి అది పనికొస్తుంది, నిజమే. కానీ అసలు ముగింపుకు దారి అక్కడితో మూసుకుపోతుంది. మంచికి పోతే చెడు ఎదురైనట్టు! దిగకుండా దాటేస్తే మనిషి బతుకుతాడు, తర్వాత ఆర్థర్ ఇంట్లో బూస్టర్ 2.0 దొరుకుతుంది. ఈ సంగతి ఆటలో ఎవరూ చెప్పరు. ఇది మాత్రం అమాయా చేసిన అన్యాయమే.

దాటడమెలా? మెషిన్ గన్ మూడో స్థాయిలో ఉంటే కిందికి కాలుస్తూ పోతే చాలు, ఆ తోపుకే మన పాత్ర పైకి లేస్తుంది. దెబ్బ తగిలితే మాత్రం పోగేసిన పసుపు త్రికోణాలు తరిగి స్థాయి పడిపోతుంది, ఎగరడం పోతుంది. కాబట్టి గొయ్యి చేరేలోపు శత్రువుల్ని కొట్టి మళ్లీ నింపుకోవాలి.

చిక్కేమిటంటే, మెషిన్ గన్ కావాలంటే శాండ్ జోన్‌లో కర్లీ అనే పాత్రకు మన మొదటి తుపాకీ పోలార్ స్టార్ ఇచ్చేయాలి. ఇస్తే స్పర్ అనే మేటి తుపాకీ రాదు. మొదటి గుహలో ముసలాయన నిద్రలో ఉండగా పెట్టెలోంచి ఎత్తుకొచ్చిన తుపాకీయే పోలార్ స్టార్. చివర్లో తిరిగిస్తేనే ఆయన దాన్ని స్పర్‌గా పూర్తి చేసి ఇస్తాడు. లాబిరింత్ దుకాణదారు ఛాబా చేత స్నేక్ అనే మరో తుపాకీ చేయించుకున్నా పోలార్ స్టార్ పోయినట్టే.

స్పర్ మీద ఆశ ఉంటే ఇక కాళ్లే దిక్కు. వెనక్కి జరిగి పూర్తి వేగం అందుకోవాలి, బొటనవేలు అంచు మీదికొచ్చాకే జెడ్ నొక్కాలి, అవతల నేల తగిలేదాకా వదలకూడదు. ముందే వదిలితే దూకు పొట్టిదై సగంలో పడతారు. పడినా, మళ్లీ సేవ్ చేయనంత వరకు పాత సేవ్ నుంచి మళ్లీ మొదలెట్టొచ్చు. ఉచిత కూర్పులో సేవ్ ఒక్కటే, ప్రొఫైల్.డాట్ ఫైలు. లాబిరింత్‌లో అడుగుపెట్టాక దాన్ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెట్టుకోవడం మేలు.

గొయ్యి దాటినా పని అయిపోలేదు. లాబిరింత్ చివర కోర్ అనే శత్రువు ఉండే గదిలో మెరిసే మోకు తీసుకోవాలి. కర్లీ తన ఎయిర్ ట్యాంక్ ఇచ్చేసి మునిగిపోయాక ఆమెను వీపుకు కట్టుకోవడానికి అదే ఆధారం. నీటి దారిలోని గదిలో ఆమెను మంచం మీద పడుకోబెట్టి, అలమరలోని పుస్తకం చదివి, ఒంట్లోని నీళ్లు తీసేయాలి. బయటికి వచ్చేముందు మళ్లీ వీపునెత్తుకోవడం మరవకూడదు.