కాలేయంలో చీముగడ్డ: సూదికి దారి చూపిన స్కానింగ్

గాజువాకలో ఉంటున్న నాకు వర్షాకాలం చివర్లో చలితో జ్వరం పట్టుకుంది. ఆ రోజుల్లో విశాఖలో జ్వరమంటే ముందుగా మలేరియా, డెంగీ గుర్తుకు వస్తాయి కనుక మా పేట డాక్టరుగారు వాటితోపాటు టైఫాయిడ్‌కు కూడా రక్తపరీక్షలు చేయించారు. వాటిలో ఏదీ తేలలేదు గానీ తెల్ల రక్తకణాలు మాత్రం ఉండవలసిన దానికంటే బాగా ఎక్కువగా ఉన్నాయి. పొద్దు వాలేసరికి వణుకు వచ్చేది, తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి పక్కదుప్పటి తడిసిపోయేది. కుడివైపు పక్కటెముకల కింద బరువుగా ఉండేది, దగ్గితే అక్కడే పోటు. వీటన్నిటికంటే నన్ను తికమక పెట్టింది కుడి భుజం నొప్పి. మా ఆవిడ నువ్వులనూనె కాచి మర్దనా చేసినా అది ఇసుమంతైనా తగ్గలేదు.

మహారాణిపేటలో ఒక ఫిజీషియన్‌కు చూపించినప్పుడు ఆయన నా పొట్టను కుడివైపు నొక్కి చూసి, ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నారు. ఆ ఫిల్ములో ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి. ఆయన వేలు మాత్రం ఊపిరితిత్తుల కింద ఉన్న డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) గీత మీద ఆగింది. సాధారణంగా కుడివైపు డయాఫ్రం ఎడమవైపు కంటే కాస్త ఎత్తుగానే ఉంటుందట, నాలో ఆ తేడా మరీ ఎక్కువగా ఉంది. కింద నుంచి ఏదో దాన్ని పైకి తోస్తున్నదని, డయాఫ్రంకు వెళ్లే నరం మెడ దగ్గర పుడుతుంది కనుక అక్కడి బాధ భుజంలో తెలుస్తున్నదని ఆయన వివరించినప్పుడు, నూనె మర్దనా ఎందుకు పనిచేయలేదో అర్థమైంది.

మర్నాడు పరగడుపున అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు వెళ్లాం. గాలి ఉంటే శబ్దతరంగాలు లోపలికి పోకుండా వెనక్కి తిరిగిపోతాయి, అందుకే చర్మానికీ, దాని మీద ఆనించే ప్రోబ్ అనే పరికరానికీ మధ్య చల్లటి జెల్ పూస్తారు. ఫిజీషియన్ ఇచ్చిన చీటీలో "పొట్ట స్కాన్" అని మాత్రమే కాకుండా జ్వరం, భుజం నొప్పి, ఎక్స్‌రేలో కనబడినది కూడా రాసి ఉన్నాయి. స్కాన్ చేసే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, దాన్ని రెండుసార్లు చదివి, "ఊపిరి బాగా పీల్చి బిగబట్టండి" అంటూ పక్కటెముకల సందుల్లోంచి వెతికారు. చాలా చోట్ల ఆ చీటీలో అవయవం పేరు తప్ప మరేమీ రాయరు. అలా రాయకపోవడమంటే చూసేవారికి సగం కళ్లు మూయడమేనని నా అభిప్రాయం.

కాలేయం కుడి భాగంలో, పైఅంచుకు ఆనుకొని, సుమారు 9 సెంటీమీటర్ల గుండ్రటి నల్లటి ప్రదేశం తెర మీద కనిపించింది. ద్రవం శబ్దాన్ని అంతగా వెనక్కి పంపదు కనుక నల్లగా కనబడుతుంది, కానీ నాలో ఆ నలుపు మధ్య సన్నని చుక్కలు కదులుతున్నాయి. అది నీరు కాదు, చీము అయి ఉంటుందని ఆయన అన్నారు. మా ఆవిడ "క్యాన్సర్ కాదు కదండీ?" అని అడిగేసింది. ఆయన ఔననీ కాదనీ అనకుండా, సీటీ కూడా చూశాకే చెబుతానన్నారు.

సీటీకి ముందు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేశారు. అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును మూత్రపిండాలే బయటికి పంపాలి కదా! ఆ మందు నరంలోకి ఎక్కగానే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకింది. "అది మామూలే, బాబాయ్ గారూ, కదలకండి" అని టెక్నీషియన్ కుర్రాడు మైకులో చెప్పాడు. గడ్డ అంచుకు మాత్రమే మందు పట్టి మెరిసింది, మధ్య భాగానికి పట్టలేదు. పురుగుతిత్తి (ఒక రకం పురుగు పిల్లల వల్ల ఏర్పడే నీటి తిత్తి) అయితే సూదితో పొడవడం ప్రమాదం కనుక ఆ అనుమానం కూడా తీర్చుకున్నారు. రక్తంలో అమీబా అనే సూక్ష్మజీవికి సంబంధించిన పరీక్ష పాజిటివ్ రావడంతో, అది అమీబా వల్ల వచ్చిన చీముగడ్డేనని ఖరారైంది.

ఇలాంటి గడ్డలు చాలావరకు అమీబాను చంపే మెట్రోనిడజోల్ అనే మందుతోనే తగ్గుతాయట. నాది పెద్దది, పైపొర పల్చబడి పగిలేలా ఉంది కనుక చీము తీయక తప్పలేదు. పొట్ట కోస్తారేమోనని నేను బెదిరిపోయాను. తీరా చూస్తే, స్కాన్ చేసిన రేడియాలజిస్టే చేతికి గ్లవ్స్ తొడుక్కొని వచ్చారు. రక్తం గడ్డకట్టే తీరు ముందే పరీక్షించారు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, తెర మీద చూస్తూ సూదిని లోపలికి దించారు. సూది మొన తెల్లటి చుక్కలా నల్లటి గడ్డలోకి దిగడం తల తిప్పి నేనూ చూశాను. ఆ సూదిలోంచి సన్నని తీగ, తీగ మీదుగా గొట్టం పంపారు. స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ 1953లో రక్తనాళాల కోసం ప్రచురించిన పద్ధతి ఇదేనని తర్వాత నేను అడిగితే చెప్పారు. గొట్టం చివర లోపల సున్నాలా చుట్టుకుంటుంది కనుక జారిపోదు, దాన్నే పిగ్‌టెయిల్ (పందితోక) అంటారు. సంచిలోకి చిక్కటి చింతపండు గుజ్జు రంగులో చీము దిగింది. ఆ రాత్రి భుజం నొప్పి లేకుండా నిద్రపోయాను.

మెట్రోనిడజోల్ వల్ల నోరంతా ఇనుము రుచి, అన్నం సహించేది కాదు, మజ్జిగతో నెట్టుకొచ్చాను. ఇంట్లో సంచిని నడుముకు కట్టుకొని తిరిగేవాణ్ణి. రోజూ ఎంత చీము వచ్చిందో మా ఆవిడ క్యాలెండర్ మీద రాసేది. అది దాదాపు ఆగిపోయాక మళ్లీ స్కాన్ చేసి గొట్టం తీసేశారు. పేగుల్లో మిగిలిన అమీబా కోసం మరో మాత్ర ఇచ్చారు.

ఇప్పుడు పనికి వెళుతున్నాను, బరువూ మునుపటిలా పెరిగాను. చివరి స్కాన్‌లో ఆ చోట చిన్న మచ్చ ఇంకా కనిపించింది. రోగం నయమయ్యాక కూడా గడ్డ ఆనవాలు నెలల తరబడి స్కాన్‌లో నిలిచే అవకాశం ఉందని, దానికి మందు అక్కర్లేదని రేడియాలజిస్టు చెప్పారు. రేపు వేరే ఊళ్లో ఎవరైనా చూసి కొత్త గడ్డ అనుకోకుండా, పాత రిపోర్టులూ సీటీ ఫిల్ములూ పారేయకుండా దాచుకోమన్నారు.