సెకండ్‌హ్యాండ్ శాంట్రోకి టైమింగ్ బెల్ట్ మార్పించాను

నేను కొన్నది 2009 మోడల్ శాంట్రో జింగ్. మీటర్ మీద 61 వేలు. అమ్మినాయన బండిని కడిగిన ముత్యంలా ఉంచుకున్నాడు గానీ, సర్వీసు కాయితాలు మొదటి మూడేళ్లవే దొరికాయి. టైమింగ్ బెల్ట్ మార్చారా అని అడిగితే "ఏదో బెల్ట్ ఒకసారి మార్చారండీ" అన్నాడు. అది ఆల్టర్నేటర్ బెల్టో, ఏసీ బెల్టో కూడా అయ్యుండొచ్చు. బానెట్ ఎత్తితే కనపడేవి అవే. టైమింగ్ బెల్ట్ ప్లాస్టిక్ కవర్ లోపల ఉంటుంది. క్రాంక్ అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, క్యామ్ అంటే వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసు. క్రాంక్ తిరుగుడుతో క్యామ్‌ని తిప్పేది ఈ పళ్ల బెల్టే.

మా బావ అయితే "బాగా నడుస్తున్న బండిని కెలకడం ఎందుకు?" అన్నాడు. ఈ బెల్ట్‌తో చిక్కే అది. తెగే ముందు చప్పుడు చెయ్యాలనేం లేదు. తెగితే క్యామ్ ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం ఆ ఊపులో ఇంకా తిరుగుతుంది. తెరుచుకుని ఉన్న వాల్వుల్ని పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. ఈ ఇంజిన్లో వాల్వులు పన్నెండు. ఎన్ని వంగినా హెడ్, అంటే వాల్వులుండే ఇంజిన్ పైభాగం, దించాల్సిందే, ఆ ఖర్చుతో బెల్ట్ నాలుగైదు సార్లు మార్పించుకోవచ్చు. పైగా తక్కువ తిరిగిన బండి అని మురిసిపోవడానికి లేదు. రబ్బరు కిలోమీటర్లనే కాదు, ఏళ్లనీ లెక్కపెట్టుకుంటుంది. 

విజయవాడ ఆటోనగర్లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. పై కవర్ విప్పి బెల్ట్‌ని కాస్త మెలితిప్పి చూపించాడు. వీపు మీద సన్న సన్న పగుళ్లు, ఒక అంచు నూనెతో తడి. "క్యామ్ సీల్ కారుతోంది గురువుగారూ. బెల్ట్ ఒక్కటే వేస్తే కొత్తదీ నూనె తాగుద్ది" అన్నాడు. సీల్ అంటే ఇరుసు చుట్టూ నూనె కారకుండా ఆపే రింగు. అందుకని బెల్ట్‌తోపాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, క్యామ్ సీల్, క్రాంక్ సీల్ కూడా రాయించుకుని సామాన్ల కొట్టుకి నేనే వెళ్లాను. కొట్టతను సగం ధరకి ఇంకో బెల్ట్ చూపించాడు. వద్దని హోలోగ్రామ్ ఉన్న మోబిస్ (హ్యుందాయ్ అసలు విడిభాగాల బ్రాండ్) పెట్టెలే తెచ్చుకున్నాను. బేరమాడుకోవడానికి బండిలో వేరే సామాన్లు చాలా ఉన్నాయి.

పనిలో సగం సేపు బెల్ట్ దగ్గరికి చేరడానికే పట్టింది. కుడివైపు ముందు చక్రం ఊడదీసి, ఇంజిన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీ ఎత్తి, అటువైపు ఇంజిన్ని పట్టి ఉంచే మౌంటింగ్ విప్పారు. క్రాంక్ పుల్లీ బోల్ట్ మొరాయించింది. కుర్రాణ్ణి లోపల కూర్చోబెట్టి, ఐదో గేర్ వేయించి, బ్రేక్ గట్టిగా తొక్కమన్నాడు. తను స్పానర్ కాడకి ఇనుప గొట్టం తొడిగి ఒక్క ఊపు ఊపితే అప్పుడు కదిలింది.

పాత బెల్ట్ తీసేముందే గుర్తులు కలిపాడు. క్యామ్ చక్రం మీద గుర్తు హెడ్ మీద గుర్తుకి, క్రాంక్ చక్రం మీదది ఆయిల్ పంపు బాడీ మీద గుర్తుకి ఎదురుగా రావాలి. బెల్ట్ ఒక్క పన్ను అటూ ఇటూ అయినా బండి స్టార్ట్ అవుతుంది గానీ లాగదు. ఇంకా తప్పితే వాల్వుల సంగతి పైన చెప్పిందే. టెన్షనర్ని చేత్తో తిప్పి చూస్తే పాతది గరగరమంది, కొత్తది నిశ్శబ్దంగా తిరిగింది. దాన్ని మార్చకపోయి ఉంటే, దాని బేరింగ్ పట్టేసిన రోజున కొత్త బెల్ట్ కూడా పోయేది.

నాకు అన్నిటికంటే నచ్చింది తర్వాతి పని. బెల్ట్ ఎక్కించగానే తాళం తిప్పలేదు. స్పానర్‌తో క్రాంక్‌ని నిదానంగా రెండు చుట్లు తిప్పాడు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి గుర్తులు మళ్లీ ఎదురెదురుగా రావాలి. వచ్చాయి. చేత్తో తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపెయ్యొచ్చు, స్టార్టర్‌కి ఆ దయ ఉండదు. మీ మెకానిక్ ఈ రెండు చుట్లు తిప్పకుండా తాళం అడిగితే ఇవ్వకండి.

సామాన్లూ కూలీ కలిపి 5 వేల లోపే అయింది. మైలేజీ పెరగలేదు, పికప్ పెరగలేదు, పెరుగుతాయని నేనూ అనుకోలేదు. వారం తిరిగాక పై కవర్ మళ్లీ విప్పించి చూశాను, బెల్ట్ అంచు పొడిగా ఉంది. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు రాయించుకున్నాను. ఐదేళ్లకో 50 వేలకో మళ్లీ మార్చమన్నాడు. నా తిరుగుడుకి ఐదేళ్లే ముందొస్తాయి. పదిహేనేళ్లు నిండాక రెన్యువల్ చేయించిన ఆర్‌సీకి కూడా ఐదేళ్లే గడువు కాబట్టి, అప్పుడు బెల్ట్ కొనాలో బండి అమ్మాలో తేల్చుకుంటాను.