పని గదిలో తెల్లబోర్డు: రెండోసారికి కుదిరింది

జూలై 5, శనివారం

పాత న్యూస్‌పేపర్లు నాలుగు కలిపి అతికించి, పని గదిలో బల్ల పక్క గోడకు టేపుతో అంటించాను. కిటికీకీ పుస్తకాల ర్యాకుకీ మధ్య నాకున్న చోటు 50 అంగుళాలు. అందులో 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు బోర్డు పడుతుంది. రెండు మూడు రోజులు ఈ కాగితాన్నే బోర్డు అనుకుని పని చేసి చూస్తాను. కూర్చుంటే కింది భాగం చేతికి అందాలి, నిలబడితే పై అంచు కోసం మునివేళ్ల మీద లేవకూడదు.

నేను గోదాముల సాఫ్ట్‌వేర్‌కి టెస్టింగ్ చేస్తాను. సరుకు లోపలికి వచ్చిన దగ్గర్నుంచి లారీ ఎక్కేదాకా ఏ దశలో ఏం తప్పు రావచ్చో బాణం గుర్తులతో గీసుకుంటే తప్ప నాకు బుర్రకెక్కదు. కొనుక్కున్న చిన్న బోర్డు ఒకటుంది. రెండేళ్లకే బూడిద రంగుకి తిరిగింది, నిన్న రాసింది ఇవాళ కూడా కనిపిస్తుంది. అందుకే ఈసారి సొంతంగా, మంచి సరుకుతో చేద్దామని.

జూలై 8, మంగళవారం

కాగితాన్ని ఆరంగుళాలు కిందికి దించాను. కింది అంచు నేల నుంచి 33 అంగుళాలు. ఇది సరిగ్గా ఉంది.

పై పొరకి సన్‌మైకా అనుకున్నాను, అల్మరాల చెక్క మీద అంటించే పల్చటి గట్టి షీటు. షాపులో తెల్ల రంగు శాంపిళ్లు మూడు అడిగి తెచ్చుకున్నాను, ఒక్కోటి అరచేయంత. మూడింటి మీదా నలుపు, నీలం, ఎరుపు మార్కర్లతో రాసి రెండు రోజులు వదిలేశాను. మెరుపు లేని మ్యాట్ ముక్క మీద ఎరుపు అలాగే ఉండిపోయింది, తడిగుడ్డకీ లొంగలేదు. గరుకు ముక్క మీద మూడు రంగులూ మిగిలాయి. మెరిసే గ్లాసీ ముక్క మాత్రం పొడిగుడ్డతో ఒక్క తుడుపుకే శుభ్రమైంది.

దీనికి కారణం సిరాలోనే ఉంది. వైట్‌బోర్డు మార్కరులో రంగుతోపాటు నూనెలాంటి పదార్థం ఒకటి కలుపుతారు. సిరాలోని ఆల్కహాలు ఆవిరైపోయాక రంగు అడుగుకి గట్టిగా పట్టుకోకుండా అది అడ్డుపడుతుంది, పైన పల్చటి పొరలా నిలుపుతుంది. అడుగు నున్నగా ఉంటే ఆ పొర లేచొస్తుంది. కంటికి కనిపించని గుంటలుంటే రంగు వాటిలో దిగిపోతుంది. కాబట్టి సన్‌మైకా కొనేవాళ్లు షాపువాళ్ల మాట మీద కాకుండా మార్కరుతో రాసి, కనీసం ఒక రాత్రి ఉంచి చూసుకుని కొనండి.

జూలై 12, శనివారం

1 ఎంఎం గ్లాసీ సన్‌మైకా ఒక షీటు కొన్నాను. 8×4 అడుగుల షీటు మొత్తం తీసుకోవాల్సిందే, ముక్క అమ్మరు. దాన్లోంచి 48×36 అంగుళాల ముక్కలు రెండు వచ్చాయి. చెక్కకి 12 ఎంఎం బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్, అంటే తేమని తట్టుకునే రకం. చెక్కపొడిని నొక్కి చేసే ఎండీఎఫ్ పలక చవకే, నున్నగానూ ఉంటుంది, కానీ మా విశాఖ తేమకి అంచులు ఉబ్బుతాయి.

చెక్క కోయించేటప్పుడు మా సందు చివర కార్పెంటర్ బాబాయ్ మంచి మాట చెప్పాడు. సన్‌మైకా, చెక్క ఒకే కొలత ఉంటే అంటించేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా ఓ పక్క చెక్క బయటపడుతుంది. అందుకని చెక్కని 47 × 35¼ అంగుళాలకి కోశాడు. చుట్టూ అర అంగుళమో, కాస్త తక్కువో సన్‌మైకా బయటికి వస్తుంది, ఆరాక అరగదీసుకోవచ్చు. ఆ కొలత ఎందుకంటే అది 4, 3, 5 లెక్క: వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు ఉంటే మూల నుంచి మూలకి 5 పాళ్లు రావాలి. మూల నుంచి మూలకి రెండు వైపులా 58¾ వస్తే మూలమట్టం కుదిరినట్టే. టేపు పెట్టి చూశాను, రెండూ సమానం.

సాయంత్రం ఫెవికాల్ పోసి, సన్‌మైకా ముక్కకి పళ్లు కోసి దాంతోనే దువ్వాను. పైన మిగిలిన ప్లైవుడ్ పరిచి, దాని మీద 20 లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు పెట్టాను.

జూలై 13, ఆదివారం

క్యాన్లు తీశాను. చక్కగా అతుక్కుంది. నిగనిగలాడుతున్న ఆ తెలుపు చూసి ఎంత సంతోషమైందో! గోడకి ఆనించి పెట్టాను.

జూలై 19, శనివారం

వారమంతా వాన. ఇవాళ అంచులు అరగదీద్దామని బోర్డు నేల మీద పరిస్తే నాలుగు మూలలూ పైకి లేచి ఉన్నాయి. మూల నుంచి మూలకి కుట్టుదారం బిగించి పట్టుకున్నాను. మధ్యలో దారానికీ బోర్డుకీ మధ్య నా చిటికెన వేలు దూరింది. ఓ పక్క మూల నొక్కితే ఎదుటి మూల ఎగురుతోంది. ప్రాణం ఉసూరుమంది.

బాబాయ్‌ని పిలిస్తే వచ్చి తిప్పి చూశాడు.

“వెనకాల ఏటీ అంటించలేదా అమ్మా?”

“వెనక ఎవరు చూస్తారు బాబాయ్, గోడ వైపేగా?”

“గోడ చూడదు గానీ గాలి చూస్తాది. చెక్కకి రెండు పక్కలా ఒకేలా కట్టాల. ఒక పక్కే కడితే రెండో పక్క నీరు తాగీసి ఉబ్బుతాది.”

వంకర తిరగడానికి అదే కారణం. ముందు వైపు సన్‌మైకా తేమని లోపలికి రానివ్వదు, సాగదు. వెనక చెక్క వానగాలిలో తేమ పీల్చి సాగింది. సాగిన వెనక వైపు ఉబ్బి, మూలలు ముందుకి వచ్చేశాయి. దీని వెనక ఇప్పుడు అంటిస్తే సరిపోతుందా అంటే, వంగిన చెక్కని వంగినట్టే బిగించినట్టవుతుందన్నాడు. చేసిన పని పోయినందుకు బాధ వేసింది, కానీ విషయం అర్థమైంది.

జూలై 26, శనివారం

కొత్త ప్లైవుడ్, అవే కొలతలు. ముందుకి మిగిలిన రెండో సన్‌మైకా ముక్క. వెనక్కి అల్మరాల లోపలి వైపు వేసే లైనర్ షీటు, 0.8 ఎంఎం. షాపులో చవకగా దొరికింది. రెండు వైపులా ఒకే పూట, ఒకే ఫెవికాల్, దాదాపు ఒకే మందం. ఈసారి క్యాన్లు ఆరు.

జూలై 27, ఆదివారం

అంచులు ఆకురాయితో అరగదీశాను. ముందు వైపు పైకి పెట్టుకుని, ఆకురాయిని పైనుంచి కిందికి, చెక్క వైపుకే తొయ్యాలి. వెనక్కి లాగితే సన్‌మైకా పెచ్చులు లేస్తుంది. పైన ఉండే ప్లాస్టిక్ పొర తీయకుండానే ఈ పనంతా చేశాను, అందుకే ఒక్క గీత కూడా పడలేదు.

చుట్టూ అల్యూమినియం యూ చానెల్. మందం మూడు పొరలూ కలిపి దాదాపు 14 ఎంఎం, కాబట్టి చిన్న చెక్క ముక్క మీద అవే పొరలు అంటించి షాపుకి పట్టుకెళ్లి, దూర్చి చూసి కొన్నాను. చుట్టుకొలత 13 అడుగుల 8½ అంగుళాలు. చానెల్ 12 అడుగుల బద్దగా వస్తుంది, మిగతాదానికి వాళ్ల దగ్గరున్న తునక ఇచ్చారు. బాత్రూమ్ తూకం మీద బోర్డు పట్టుకుని నిలబడి, తర్వాత ఒట్టిగా నిలబడి లెక్క తీస్తే 13 కిలోలు.

ఆగస్టు 3, ఆదివారం

వారం ఆగాను. మళ్లీ వాన పడింది. దారం పెట్టి చూస్తే బోర్డుకి ఆనుకునే ఉంది. ఇక బిగించడమే.

బాబాయ్ 18 ఎంఎం టేకు పట్టీ ఒకదాన్ని పొడవునా 45 డిగ్రీల వాలుగా రెండుగా చీల్చి ఇచ్చాడు. ఒకటి గోడకి, వాలు గోడ వైపుకి దిగేలా. రెండోది బోర్డు వెనక, తలకిందులుగా. బోర్డు ఎత్తి తగిలిస్తే రెండు వాలులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, బరువు పెరిగేకొద్దీ బోర్డు గోడకే హత్తుకుంటుంది. ఎత్తి పెట్టడానికి పైన రెండు మూడు అంగుళాల ఖాళీ ఉంచాలి. కింద కూడా 18 ఎంఎం చెక్క ముక్కలు రెండు అంటించాను, లేకపోతే బోర్డు కింది భాగం లోపలికి వాలుతుంది. ఆ సందు వల్ల వెనక గాలి ఆడుతుంది కూడా.

బోర్డు పట్టీకి 25 ఎంఎం స్క్రూలు, తలలు 3 ఎంఎం లోపలికి దిగేలా. అంతకంటే పొడుగైతే ముందు వైపుకి పొడుచుకొస్తాయి. గోడకి మాత్రం 65 ఎంఎం: పట్టీ 18, సిమెంటు పూత ఓ 12, మిగతాది ఇటుకలో దిగాలి. ప్లాస్టిక్ ప్లగ్గుని కూడా పూత దాటించి ఇటుకలోకి తొయ్యాలి. పూతలోనే ఉంటే ఎప్పటికైనా పెళ్లలతో ఊడుతుంది.

డ్రిల్లు పెట్టేటప్పుడు మా ఆయన కన్నం కింద కాగితం మడిచి అంటించాడు. మొదట బూడిద రంగు పొడి, ఆ తర్వాత ఎర్రగా ఇటుక పొడి రాలింది. ఎరుపు చూడగానే ధైర్యం వచ్చింది. పొడి తెల్లగా మెత్తగా రాలితే అది తేలిక బ్లాకుల గోడ కావచ్చు, దానికి ప్లగ్గులు వేరే. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైన, కింద మాత్రం కన్నం పెట్టకండి, వైర్లు అటే వెళ్తాయి. మట్టానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపే వాడాం.

తగిలించి, ప్లాస్టిక్ పొర లాగేశాను.

ఆగస్టు 10, ఆదివారం

వారం వాడాను. ట్యూబులైటు వెలుగు బోర్డు పై మూలలో మెరుస్తోంది, దాన్ని పక్క గోడకి మార్పించాలి. మా చిన్నోడు పర్మనెంట్ మార్కరుతో కారు బొమ్మ వేశాడు. దాని మీదే వైట్‌బోర్డు మార్కరు దట్టంగా రాసి వెంటనే తుడిచాను. అందులోని ఆల్కహాలుకి పాత రంగు కూడా కరిగి వచ్చేసింది.

వంకర పోయిన మొదటి బోర్డుని బాబాయ్ అడుగు చదరం ముక్కలుగా కోసిచ్చాడు. అంత చిన్న ముక్కలో వంపు కనిపించనే కనిపించదు. ఒకటి వంటింట్లో పాల లెక్కకి పెట్టాను. రెండు చిన్నోడికిచ్చాను, వాటి మీదే గుణింతాలు దిద్దుకుంటున్నాడు.